లాండ్రీ పైన రెండు గదులు

మిషనాయన అరవై అయిదేళ్ళ జీవితంలో సొంత ఊరు వదిలి ఉన్నది మొత్తం నాలుగు నెలల పదకొండు రోజులు. కానీ ఆయన జ్ఞాపకాల్లో ఆ నాలుగు నెలలు ఆక్రమించినంత చోటు మిగతా అరవై అయిదేళ్ళూ కలిసి ఆక్రమించలేదు. దుకాణంలో ఎవరిదో కుట్టుమిషను ఒళ్ళో పెట్టుకుని షటిల్లో చిక్కిన దారప్పోగు లాగుతూ లాగుతూ ఉన్నట్టుండి ఆగుతాడు. "మేం అక్కడున్నప్పుడు ఏమైందంటే..." అంటాడు. మిషను తీసుకుపోదామని వచ్చినవాళ్ళు ఇక స్టూలు లాక్కుని కూర్చోవాల్సిందే.

పదమూడో ఏట మొదలుపెట్టాడు మిషన్ల పని. ఊళ్ళో దర్జీలందరూ ఆయన్ని పేరుతో పిలవడం ఎప్పుడో మానేశారు. పాలు పోసేవాడు పాలాయన, మిషన్లు బాగుచేసేవాడు మిషనాయన. పెళ్ళి ఆలస్యంగా చేసుకున్నాడు. భార్య రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా. మాట పొదుపు, పని చురుకు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా పిల్లలు లేరు. చూపించుకోవాల్సిన డాక్టర్లకి చూపించుకున్నారు, వినాల్సిన సలహాలన్నీ విన్నారు. చివరికి ఒకరోజు అన్నం తింటూ ఆవిడే అంది: "కన్నవాళ్ళే అమ్మానాన్నలని ఎవరన్నారండీ? పెంచుకుందాం."

"పెంచుకుందాం" అన్నాడు ఆయన. అంతకంటే పెద్ద చర్చ వాళ్ళింట్లో జరగలేదు.

చర్చంతా ఆఫీసులో జరిగింది. దత్తత వ్యవహారాలు చూసే ఆఫీసరమ్మ వాళ్ళ కాగితాలు తిరగేసి, "ఇక్కడి వరసలో మీ వంతు వచ్చేసరికి బిడ్డనెత్తుకోవాల్సిన చేతుల్లో కర్ర పట్టుకుని వస్తారు" అంది. సముద్రానికి అవతల ఒక దేశంతో కొత్తగా ఒప్పందం కుదిరిందనీ, అక్కడి శిశుగృహంలో ఒక ఆడపిల్ల ఉందనీ, వెళ్తే రెండు వారాల్లో పని అయిపోతుందనీ చెప్పింది. "రెండు వారాలు" అన్న ఆ మాట తలుచుకుని మిషనాయన ఇప్పటికీ నవ్వుతాడు.

ఆయన తల్లికి మాత్రం ఈ వ్యవహారం మింగుడుపడలేదు. "ఎవరి కడుపున పుట్టిందో, ఏ నేల మీద పుట్టిందో! పిల్ల కోసం సముద్రాలు దాటాలా? ఊరు గొడ్డుపోయిందా?" అని వారం రోజులు మూతి ముడుచుకుని కూర్చుంది. బయల్దేరే రోజు మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి, కొడుకు సంచిలో ఒక మూట కుక్కింది. విప్పి చూస్తే ఉతికి ఉతికి వెన్నలా అయిన నూలుగుడ్డలు, చతురస్రంగా కత్తిరించి అంచులు మడిచి కుట్టినవి. చేతికుట్టు. ఇంట్లో నాలుగు మిషన్లుండగా చేత్తో కుట్టింది, మిషను చప్పుడైతే కొడుక్కి తెలిసిపోతుందని.

దిగిన చోట చలి. వాళ్ళకి బస ఒక లాండ్రీ పైన రెండు గదుల్లో. పంతొమ్మిది మెట్లు, ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కలేనంత ఇరుకు. కింద పొద్దున ఏడింటికి పెద్ద ఇస్త్రీ బల్లలు రాజుకునేవి. ఎనిమిదికల్లా పైన నేల వెచ్చబడేది. పెనం మీద నిలబడ్డట్టు ఉండేదని ఆయన భార్య అనేది కానీ ఆ చలిలో ఆ పెనమే వాళ్ళకి ప్రాణం. ఇద్దరూ మంచం మానేసి నేలమీదే పడుకునేవాళ్ళు. కిటికీ తెరిస్తే సబ్బు వాసన, ఆవిరి, బస్సు మలుపు తిరిగే మూల. లాండ్రీ నడిపే ఆవిడ విధవరాలు. మోచేతుల దాకా ఎర్రగా కందిన చేతులు, మనిషి బరువు, నడక మాత్రం గాలి. వీళ్ళు ఆవిడని లాండ్రమ్మ అనుకున్నారు. ఆవిడ భాషలో ఒక్క ముక్క వీళ్ళకి రాదు, వీళ్ళ భాషలో ఒక్క ముక్క ఆవిడకి రాదు.

రెంటికీ మధ్య వారధిగా శిశుగృహంవాళ్ళు ఒక దుబాసీని పెట్టారు. బట్టతల, బుగ్గమీసాలు, ఏభై దాటిన మనిషి. కుర్రతనంలో పదేళ్ళు సరుకుల ఓడలో పనిచేశాడట. ఆ ఓడ వంటవాడు మనవాడు. ఆ వంటింట్లో గిన్నెలు తోముతూ నేర్చుకున్న తెలుగు ఆయనది. అందువల్ల రెండు ఇబ్బందులుండేవి. ఒకటి, ఎవరికి మర్యాద ఇవ్వాలో, ఎవరు ఆడో ఎవరు మగో ఆయన భాషలో తేలేది కాదు. రెండు, ఏ సంగతి చెప్పినా అందులో పొయ్యి ఉండేది.

"నువ్వు కూర్చోండి" అన్నాడు మొదటిరోజే. "కాగితం ఇంకా ఉడకలేదు. కానీ పాపగారు ఉన్నాడు. రేపు చూడు, అమ్మగారూ."

మర్నాడు పదింటికి శిశుగృహం. పొడవాటి గది, గోడ పొడుగునా తెల్ల మంచాలు, గుమ్మం దగ్గర చేతులు కడుక్కునే తొట్టి. ఆ వరసకంతటికీ ఒక ఆయా. రాతిలో చెక్కినట్టు మొహం. మిషనాయన చేతులు చూసి ఆగింది. ముప్ఫై ఏళ్ళ మిషన్ నూనె గోళ్ళ అంచుల్లో నల్లగా ఇంకిపోయి ఉంది. తొట్టి చూపించింది. కడుక్కున్నాడు. మళ్ళీ చూపించింది. మళ్ళీ కడుక్కున్నాడు. మూడోసారికి భార్య ముసిముసిగా నవ్వుతోంది. "పెళ్ళిచూపుల్లో కూడా ఇంత పరీక్ష పెట్టలేదు మా వాళ్ళు" అంది.

ఏడు నెలల పిల్ల. నెత్తిమీద జుట్టు నిటారుగా, పెద్ద నుదురు, ఎవర్నో వెతుకుతున్నట్టు కళ్ళు. ఆయా ఆయన చేతుల్లో పెట్టింది. సబ్బుతో మూడుసార్లు కడిగినా పోని నూనె వాసనకేమో, పిల్ల ముక్కు చిట్లించి తుమ్మింది.

ఆయన భార్య మొహం తెల్లబోయింది. "శుభమా అని చూడ్డానికొస్తే తుమ్మిందేంటండీ!"

ఆ మాట పూర్తవకుండానే పిల్ల ఇంకోసారి తుమ్మింది.

"రెండైతే మంచిదేలే" అన్నాడు ఆయన, ఊపిరి పీల్చుకుని. దుబాసీ ఈ సంభాషణ ఆయాకి ఎలా చెప్పాడో తెలియదు కానీ, ఆ రాతిమొహంలో పెదవి ఒక చివర వంగింది. ఆరోజు నుంచి పిల్ల తుమ్ములమ్మ అయింది. కాగితాల్లో వేరే పేరుంది, బడిలోనూ ఉద్యోగంలోనూ అదే పేరు నడుస్తోంది, కానీ ఇంట్లో ఈరోజుకీ తుమ్ములమ్మే.

రోజుకి ఒక గంట చూడనిచ్చేవాళ్ళు. ఆ గంట కోసం మిషనాయన పొద్దున లేవగానే నిమ్మచెక్కతో గోళ్ళు రుద్దుకునేవాడు. మిగతా ఇరవైమూడు గంటలూ కోర్టు కోసం ఎదురుచూపు. జడ్జి సెలవులో ఉంది. తిరిగొచ్చేసరికి కోర్టుకే సెలవులు. రెండు వారాల పని ఆరు వారాలైంది. ఆయన భార్య ఆఫీసుకి రెండుసార్లు సెలవు పొడిగించమని రాసింది. మూడోసారి, నెలాఖరుకల్లా వచ్చి చేరమని జవాబొచ్చింది.

కోర్టంటే పెద్ద భవనమనుకున్నారు. తీరా చూస్తే బడిలో తరగతి గదంత ఉంది. జడ్జి భుజాల మీద శాలువా కప్పుకుని, గొంతు బొంగురుపోయి, బుగ్గన దగ్గు బిళ్ళ పెట్టుకుని కూర్చుంది. కాగితాలు చూసింది. ఒక కాగితం పక్కన పెట్టింది. ఇంకొకటి దాని పక్కన పెట్టింది. రెంటినీ మార్చి మార్చి చూసి ఏదో అడిగింది.

దుబాసీ గొంతు సవరించుకున్నాడు. "జడ్జమ్మ అడుగుతున్నాడు, నువ్వు ఎన్నిసార్లు పుట్టారు?"

"ఎన్నిసార్లేంటి?"

"ఒక కాగితంలో జూలైలో పుట్టారు. ఒక కాగితంలో నవంబర్లో పుట్టారు. ఏది వండినది, ఏది పచ్చిది?"

మిషనాయనకి అర్థమైంది. మన తరంలో ఎవరిని కదిపినా ఇదే కథ. పుట్టింది ఒకనాడు, బళ్ళో రాసింది ఇంకోనాడు. "అమ్మ నన్ను కన్నది నవంబర్లోనండీ" అన్నాడు చేతులు కట్టుకుని. "జూలైలో కన్నది మా హెడ్మాస్టరు."

దుబాసీ చెప్పాడు. జడ్జి నవ్వింది. నవ్వి, దగ్గి, మంచినీళ్ళు తాగి, తలడ్డంగా ఊపింది. జూలైలో పుట్టినవాడూ నవంబర్లో పుట్టినవాడూ ఒకరేనని ఊరి నుంచి ధ్రువపత్రం రావాలి. అది వచ్చేదాకా తీర్పు లేదు. కానీ ఇన్ని వారాలుగా రోజూ వచ్చి పిల్లని చూసుకుంటున్నారని శిశుగృహంవాళ్ళు రాసిచ్చారు కనక, పిల్లని మాత్రం వాళ్ళ సంరక్షణలో ఉంచుతోంది. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ పిల్ల దగ్గర ఉండాలి, ఊరు దాటకూడదు.

ఆరోజు మధ్యాహ్నం పంతొమ్మిది మెట్లమీదా తుమ్ములమ్మని ఎత్తుకుని ఎక్కారు. లోపలికొచ్చి, వెచ్చటి నేలమీద పిల్లని పడుకోబెట్టి, ఇద్దరూ చెరోపక్కా కూర్చున్నారు. తరవాత ఆయన భార్య లెక్క తేల్చినట్టు చెప్పింది: "ఆ ధ్రువపత్రం తేవాలంటే మన ఊళ్ళో రికార్డులు కదపాలి. ఆ పని తెలిసింది నాకు. మిషన్లు తప్ప మీకేం తెలుసు? పైగా నా సెలవు అయిపోయింది. నేను వెళ్తాను. మీరుండండి."

"నేనా? పిల్లతోనా? ఒక్కణ్ణా?"

"మరి పిల్లని రికార్డుల గదికి పంపుదామా?"

ధైర్యంగానే అంది కానీ బస్సెక్కే ముందు పిల్ల అరికాళ్ళు రెండూ బుగ్గలకి ఆనించుకుని నిలబడిపోయింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. అది చూసిన మిషనాయనకి, ఈ మనిషి కష్టం తన కష్టం కంటే పెద్దదని అప్పుడే తెలిసింది.

మొదటి వారం నరకం. పసిపిల్లని అంతకుముందు ఎన్నడూ గంట మించి ఎత్తుకోని మనిషి. గుడ్డ కడితే జారిపోయేది, బిగిస్తే ఏడ్చేది. పాలు వేడెక్కువైతే ఏడుపు, తక్కువైతే ఏడుపు. చేతికొచ్చిన పద్ధతే పట్టాడు. ఏ మిషను ఎప్పుడు ఏం మొరాయించిందో రాసుకునే అలవాటు ఆయనకి. ఒక నోటుపుస్తకం కొని మొదలుపెట్టాడు. ‘ఏడు గంటలు: పాలు. ఎనిమిది: ఏడుపు. కారణం: తెలియదు. తొమ్మిది: నిద్ర. తొమ్మిదీ పది: ఏడుపు. కారణం: నేను లేపాను.’ ఆ పుస్తకం నిండా మొదటి పది పేజీల్లో ‘కారణం: తెలియదు’ అనే మాటే ఎక్కువ.

అన్నిటికంటే బాధ ఇంకొకటి. వారానికోసారి ఆయా వచ్చి పిల్లని తూచి వెళ్ళేది. ఆవిడ మెట్లమీద అడుగుపెడితే చాలు, తుమ్ములమ్మ ఆయన చేతుల్లోంచి అటు దూకేది. వెళ్ళిపోతుంటే గుమ్మం వైపు చేతులు చాచి గుక్కపట్టేది. మెట్లమీద అడుగుల చప్పుడు ఆగేదాకా ఆయన పిల్లని పట్టుకుని నిలబడేవాడు. తను దొంగిలించిన సొమ్ము పట్టుకున్నట్టు ఉండేదట. "ఆవిడ వచ్చెళ్ళాక రెండు మూడు రోజులు, వెనక్కిచ్చేద్దామా అన్న మాట కూడా మనసులోకొచ్చింది" అని ఇప్పుడు చెబుతాడు, దాచుకోకుండా.

రెండోవారం ఒక పొద్దున పిల్ల ఏడుపు ఎంతకీ ఆగకపోతే లాండ్రమ్మ పైకి వచ్చింది. ఆవిడ అన్నది అర్థం కాలేదు కానీ, తిట్టుకి దుబాసీ అక్కర్లేదు. పిల్లని లాక్కుంది, గుడ్డ విప్పింది, తిరిగి కట్టింది, నెమ్మదిగా, ఆయన చూసేట్టు. మళ్ళీ విప్పి ఆయన చేతికిచ్చింది. నాలుగోసారికి ముడి నిలబడింది. ఆవిడ ఆయన వీపుమీద ఒక్కటి చరిచి, పిల్లని చంకనేసుకుని, వెంట రమ్మని సైగ చేసి కిందికి నడిచింది.

అలా లాండ్రీలోకి దిగాడు. ఆవిరిలో దుప్పట్ల గుట్టలు, ఇస్త్రీ బల్లల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు. మెట్ల కింద మూల దుమ్ము పట్టిన గుడ్డ కప్పి ఒక కాలి మిషను. చిరిగిన దుప్పట్లు కుట్టడానికి కొన్నది, ఆగిపోయి ఏళ్ళయిందని లాండ్రమ్మ చేతులు తిప్పి చెప్పింది. మిషనాయన గుడ్డ తీశాడు. చక్రం మీద అరచెయ్యి పెట్టాడు. పరాయి దేశంలో రెండు నెలల తరవాత మొదటిసారి తెలిసిన మనిషి ఎదురైనట్టయిందట. స్క్రూడ్రైవరు బదులు వెన్న రాసే కత్తితో విప్పాడు. పళ్ళ చక్రాల్లో వేలెడు మందాన పీచు. తుప్పు గీకాడు, నూనె పెట్టాడు, పాత తోలు బెల్టు ముక్కలు అతికి పట్టీ వేశాడు. సాయంత్రానికి తొక్కితే టకటకా పరిగెత్తింది.

బుట్టలో ఏడుస్తున్న తుమ్ములమ్మ ఏడుపు ఆపింది. తొక్కడం ఆపాడు. పిల్ల మూతి వంచింది. తొక్కాడు. కళ్ళు మూతలు పడ్డాయి. ఆరోజు నోటుపుస్తకంలో ఆయన పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: ‘కారణం తెలిసింది.’

ఇక ఆ మధ్యాహ్నాలు మొదలయ్యాయి. రోజూ తిండి తిని పిల్లని బుట్టలో వేసుకుని దిగేవాడు. బుట్ట ఎడం కాలి పక్కన. చిరిగిన దుప్పట్లు, తలగడ గలీబులు, హోటలు బల్లగుడ్డలు కుడుతూ కూర్చునేవాడు. బదులుగా లాండ్రమ్మ రెండు పూటలా వేడి వేడి చారు, రొట్టె, పిల్లకి మెత్తగా ఉడికించిన దుంప పెట్టేది. ఆడవాళ్ళిద్దరూ ఇస్త్రీ చేసిన వెచ్చటి తువ్వాలు పిల్లకి కప్పి వెళ్ళేవాళ్ళు. చుట్టూ అందరూ ఏదో మాట్లాడుకుంటుంటారు, ఒక్క ముక్క తెలియదు. తెలుగులో మాట్లాడాలంటే తుమ్ములమ్మ ఒక్కతే దిక్కు. అందుకని ఆయన ఆ పిల్లతోనే మాట్లాడేవాడు. తన తండ్రి ఎంత కోపిష్టో, మొదటి మిషను విప్పి తిరిగి బిగించలేక ఎలా పారిపోయాడో, పెళ్ళిచూపుల్లో వాళ్ళమ్మ తలెత్తి ఎలా సూటిగా చూసిందో. భార్యకి కూడా చెప్పని కబుర్లు ఆరువారాల్లో ఆ బుట్టకి చెప్పేశాడు. పిల్ల కళ్ళు విప్పార్చుకుని వినేది. నడుమ "తక" అనేది. మిషను చప్పుడు నేర్చుకుంది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి లాండ్రీ ఫోనుకి ఆయన భార్య ఫోను చేసేది.

"ఏం చేస్తోంది?"

"నన్ను చూస్తోంది."

"బరువు పెరిగిందా?"

"నా నడుము చెబుతోంది, పెరిగిందని."

"ఏదీ, ఒకసారి దాని దగ్గర పెట్టండి." రిసీవరు పిల్ల నోటి దగ్గర పెట్టేవాడు. పిల్ల ఊపిరి, చొంగ కారుస్తున్న చప్పుడు. ఒక ఆదివారం స్పష్టంగా "తక" అంది. అటువైపు ముక్కు చీదిన చప్పుడు. తరవాత ఆవిడ, "అమ్మ అనడం నేర్పకుండా మిషను నేర్పారా?" అంది.

అయిదోవారం పిల్లకి జ్వరం వచ్చింది. పొద్దున చూస్తే ఒళ్ళు కాలిపోతోంది. లాండ్రమ్మ డాక్టర్ని పిలిపించింది, మందిచ్చి వెళ్ళాడు. కబురు ఎవరు చేశారో, మధ్యాహ్నం ఆయా వచ్చింది. ఆరోజు ఆవిడకి సెలవట. వెంట దుబాసీ. ఆయా చేతులు చాచింది. ఎప్పట్లా పిల్ల అటు దూకుతుందనుకుని మిషనాయన చేతులు సడలించాడు. తుమ్ములమ్మ ఆయా మొహం చూసింది, తల తిప్పి ఆయన చొక్కా కాలరు పిడికిట పట్టుకుని మెడలో మొహం దాచుకుంది.

ఆయా చేతులు దించింది. ఏమీ బాధపడలేదు. తడిగుడ్డ పిండి అందిస్తూ సాయంత్రం దాకా పక్కనే కూర్చుంది. జ్వరం జారాక లేచి, దుబాసీతో ఏదో అంది.

దుబాసీ కళ్ళు తుడుచుకుని మరీ చెప్పాడు. "ఆవిడ అంటున్నాడు, ఇంక నా పని లేదు. నువ్వు నాన్నగారు అయ్యారు."

ఆ తప్పుల తెలుగు వాక్యం మిషనాయన నోటుపుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకున్నాడు.

ఆరోజే ఆయన ఇంకో సంగతి అడిగాడు. పిల్ల కన్నతల్లి గురించి కాగితాల్లో గీత తప్ప ఏమీ లేదు. ఆయాకి ఏమైనా తెలుసా? ఆయా చెప్పింది. చిన్నమ్మాయి. ఎడంచేతి వాటం. బిడ్డని వదిలి వెళ్ళాక రెండుసార్లు తిరిగొచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గర నిలబడి, బిడ్డ పాలు తాగుతోందా అని అడిగి వెళ్ళిపోయింది. మూడోసారి రాలేదు. అంతే తెలుసు. "రేపు ఇది పెద్దదై అడుగుతుంది. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా" అని మిషనాయన అదీ రాసుకున్నాడు, తేదీ వేసి.

ఆరువారాలు నిండాక ధ్రువపత్రం పట్టుకుని ఆయన భార్య తిరిగొచ్చింది. ఆఫీసులో ఏం చెప్పి వచ్చిందని అడిగితే, "ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుందని చెప్పొచ్చాను" అంది. ఆ రిటైరైన హెడ్మాస్టరు కోసం మూడు ఊళ్ళు తిరిగిందట. చెవులు సరిగా వినపడని ఆ ముసలాయన అంతా అరిచి చెప్పించుకుని, "ఒక్క మీ ఆయనేంటమ్మా, ఆ ఏడు చేరిన నలభైమందినీ జూలై ఒకటిన నేనే పుట్టించాను. పుట్టినరోజు తెలిసిన తల్లి ఒక్కతైనా వస్తే గదా!" అని సంతకం చేసిచ్చాడట.

అదంతా నవ్వుతూ చెప్పింది మెట్లెక్కుతూ. పైకొచ్చి పిల్లని చూసి చేతులు చాచింది. తుమ్ములమ్మ కొత్తమనిషిని చూసినట్టు చూసి, తండ్రి మెడ కరుచుకుంది. నవ్వు ఆవిడ మొహం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం నిండాయి.

"ప్రయాణపు దుమ్ము మీద ఉన్నాను, అందుకనేమో" అంది.

మిషనాయన ఓదార్పు మాటలు తెలిసినవాడు కాదు. మర్నాడు పొద్దున నీళ్ళు కాచి, "ఇవాళ్టి నుంచి స్నానం నీది, తిండి నీది, నేను కిందికి పోతున్నా" అని బుట్ట లేకుండా లాండ్రీలోకి దిగాడు. పైన పిల్ల ఏడుపు వినిపించింది. దిగిన కాలు మెట్టెక్కబోయింది. లాండ్రమ్మ చీపురుకట్ట అడ్డం పెట్టింది. గంటసేపు దుప్పటి ఒకటే చోట కుట్టాడు, అంతా వంకర. మూడురోజులు అలాగే గడిచాయి. నాలుగోరోజు ఏడుపు వినపడకపోతే భయపడి పైకి పరిగెత్తాడు. వెచ్చటి నేలమీద తల్లీపిల్లా ఇద్దరూ నిద్రపోతున్నారు. పిల్ల వేళ్ళు ఆవిడ జడలో చిక్కుకుని ఉన్నాయి.

ఆపైన కోర్టు ఒక పూట పని. జడ్జికి దగ్గు తగ్గింది. హెడ్మాస్టరు కాగితం చదివించుకుని మళ్ళీ నవ్వింది, ఈసారి ముద్ర వేసింది. "ఉడికింది!" అని దుబాసీ కోర్టులోనే అరిచాడు. ప్రయాణపు కాగితాలకి ఇంకో అయిదువారాలు పట్టింది. వెళ్ళేరోజు లాండ్రమ్మ పిల్ల బట్టలన్నీ తనే ఉతికి ఇస్త్రీ చేసింది, నాయనమ్మ కుట్టిన గుడ్డల్తో సహా. బస్సు దగ్గర వీడ్కోలు చెప్పడానికి రానంది. పని ఉందని సైగ చేసి లోపలికి వెళ్ళిపోయింది. బస్సు మలుపు తిరిగేటప్పుడు చూస్తే గుమ్మంలో నిలబడి, ఎర్రటి చేతులు రెండూ నడుమున పెట్టుకుని, పోట్లాటకొచ్చినట్టు చూస్తోంది.

ఇంటికొచ్చేసరికి ఆయన తల్లి అరుగుమీద కూర్చుని ఉంది. పిల్లని చూసింది. పరాయి నేలా, ఎవరి కడుపో, ఏదీ ఎత్తలేదు. "ఎంతసేపు నిలబెడతావురా ఎండలో? ఇటివ్వు" అంది. పోయేదాకా ఆ ముసలమ్మ ఆ పిల్లని కింద పెట్టలేదు. ఎవరైనా "మీ పోలికలు రాలేదే" అంటే, "నోరు నా పోలిక, విను" అనేది. అది అబద్ధమూ కాదు.

తుమ్ములమ్మకి ఇప్పుడు ఇరవైమూడేళ్ళు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. తను ఎక్కణ్ణుంచి వచ్చిందో బుద్ధి తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఇంట్లో ఎవరూ దాచలేదు. పద్నాలుగో ఏట ఒకరోజు, ఏదో కోపంలో, "నన్ను కన్నావిడ ఎవరో మీకేమైనా తెలుసా?" అంది. మిషనాయన లేచి నోటుపుస్తకం తెచ్చి, ఆ పేజీ తీసి చేతికిచ్చాడు. చదువుకుంది. అరగంట గదిలో కూర్చుని బయటికొచ్చి, "రెండుసార్లు వచ్చిందన్నమాట" అంది. మళ్ళీ ఇంకో గంటకి, "నేను కుడిచేత్తో రాస్తాను కదా!" అంది. ఆ తరవాత పుస్తకం తన బీరువాలో పెట్టుకుంది. అందులో ‘కారణం: తెలియదు’ పేజీలు స్నేహితురాళ్ళకి చదివి వినిపించి పడిపడి నవ్విస్తుంటుంది.

లాండ్రమ్మ నుంచి ఏటేటా ఒక కార్డు వచ్చేది, పైన బొమ్మ, వెనక ఆవిడ భాషలో రెండు ముక్కలు. వీళ్ళు పిల్ల ఫొటో పంపేవాళ్ళు. ఏడేళ్ళ క్రితం కార్డు ఆగింది. తుమ్ములమ్మ ఎలాగో కనుక్కుని రాస్తే, ఇస్త్రీ చేసే ఆడవాళ్ళలో ఒకావిడ జవాబిచ్చింది. లాండ్రమ్మ పోయింది. రోడ్డు వెడల్పు చేసి ఆ వరస ఇళ్ళన్నీ కొట్టేశారు. మిషనాయన ఆ ఉత్తరం విని ఆరోజు దుకాణం తెరవలేదు.

"వెళ్ళి చూసొద్దాం నాన్నా, టిక్కెట్లు నేను తీస్తాను" అంటుంది కూతురు. "ఆ మెట్లే లేనప్పుడు ఎక్కడికెక్కుతామే" అంటాడు ఆయన. వెళ్తారో లేదో ఇంకా తేలలేదు. తల్లీకూతుళ్ళు మాత్రం చలిబట్టల గురించి మాట్లాడుకుంటున్నారు.

మొన్న ఒక మధ్యాహ్నం ఇంట్లో భార్యాభర్తలిద్దరే ఉన్నారు. ఆవిడ రిటైరై ఏడాదైంది. కూరలు తరుగుతూ అంది: "ఆ ఆరువారాలు నాకు లేవండీ. దాని మొదటి పన్ను, మొదటి జ్వరం, మొదటి మాట, అన్నీ మీవే. మీరు ఎన్నిసార్లు చెప్పినా నేను విసుక్కోకపోవడానికి కారణం అదే. అన్నీ చెప్పేశారా, చెప్పనిది ఏమైనా మిగిలిందా?"

ఆయన వేళ్ళ మీద ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.

"ఒకరోజు కరెంటు పోయింది" అన్నాడు. "ఇస్త్రీ బల్లలు ఆగిపోయాయి. అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. వాన పడుతోంది. నేనూ అదీ ఉన్నాం. నేను మిషను తొక్కలేదు. అది ఏడవలేదు."

"అయితే?"

"అయితే ఏం లేదు. ఏమీ జరగలేదు."

ఆవిడ కత్తిపీట పక్కకి జరిపి, చేతులు తుడుచుకుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. "ఎంతసేపు జరగలేదు? మొదట్నుంచీ చెప్పండి" అంది.